మఠం పెద్ద వాకిలి

మా మనవరాలు హర్షిత సెలవులకి ఇంగ్లండు నుంచి మస్కట్ వచ్చి వారం తిరక్కముందే నా మంచం మీదికి చేరి ఫోన్లో రాళ్ళు చూపించడం మొదలుపెట్టింది. పెద్ద చదువుకని పంపిస్తే పాత గోడల చదువు ఎంచుకుంది. వాళ్ళ నాన్నకి ఇష్టం లేదు. వాళ్ళమ్మకి, అంటే నా కూతురు విజయకి, సగం ఇష్టం. నన్నెవరూ అడగలేదు. అడిగితే, నిలబడ్డవాటిని చూసుకోడానికే మనుషులు దొరకట్లేదు, పడిపోయినవాటి చదువెందుకే అని ఉండేదాన్ని. ఆ పొద్దుట నేను గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నాను. మస్కట్‌లో ఈ ఘుబ్రా పేటకి, ఈ ఫ్లాటుకి వచ్చినప్పటి నుంచి కూరలు తరిగే పని నాదే. విజయ తరిగితే సగం చెత్తబుట్టలోకి పోతుంది. "అమ్మమ్మా, కాసేపు ఆ చిక్కుళ్ళు పక్కన పెట్టు" అంది పిల్ల. "చేతులు వాటి పని అవి చేసుకుంటయి, నువ్వు చూపించు" అన్నాను.

చూపించింది. పచ్చటి గడ్డి, దాని మీద కప్పు లేని గోడలు. ఒక్క గేటు మాత్రం ఎత్తుగా, గుండ్రంగా, చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. దానికి అటూ ఇటూ గోడలు లేవు. ఆ గేటు తోసుకుని ఎవరూ లోపలికి పోనక్కర్లేదు, పక్కనుంచే నడిచిపోవచ్చు. "దీన్ని ప్రయరీ అంటారు అమ్మమ్మా, మన మఠం లాంటిది" అని మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళు లేని మగవాళ్ళు గుంపుగా ఉండి, పగలూ రాత్రీ గంట కొట్టుకుని ప్రార్థన చేసేవాళ్ళంట. చుట్టుపక్కల పొలాలు చాలావరకు వాళ్ళవేనంట. దారినపోయేవాళ్ళకి పడకా, గేటు దగ్గరికొచ్చిన పేదవాళ్ళకి రొట్టే పెట్టేవాళ్ళంట. వందల ఏళ్ళు అట్టా నడిచింది. తరవాత వాళ్ళ రాజుకి మతపెద్దలతో పడక, ఆస్తుల మీద కన్ను కూడా పడి, ఇట్టాంటివన్నీ మూయించాడంట. రాజుగారి మనుషులొచ్చి లోపల ఏమున్నయ్యో చూసుకుని, సన్యాసులకి కాస్త భత్యం ఏర్పాటు చేసి బయటికి పంపి, కప్పు మీది సీసం రేకులు ఊడదీసి, ఆ గుడి దూలాలనే పొయ్యిలో పెట్టి ఆ సీసాన్ని కరిగించారంట. గంటలు పగలగొట్టి అమ్మారంట. పొలాలు పలుకుబడి ఉన్నవాళ్ళు కొనుక్కున్నారంట. మిగిలిన రాళ్ళు ఊరివాళ్ళవి.

"దొంగతనమేగా అది" అన్నాను.

"దొంగతనం అనుకోలేదు వాళ్ళు. కప్పు లేని గోడ ఎవరిదీ కాదు గదా. ఒకళ్ళు నాలుగు రాళ్ళు తీసుకెళ్తే, పక్కింటివాళ్ళు ఎనిమిది." అని ఇంకో ఫొటో చూపించింది. "ఇది చూడు. పక్క ఊళ్ళో రైతు గొడ్లచావిడి. మామూలు రాళ్ళ గోడ. మధ్యలో ఈ ఒక్క రాయి, పువ్వు చెక్కింది, తలకిందులుగా. ఏ కిటికీ మీదిదో."

అప్పుడు ఆగినయ్యి నా చేతులు. "మా చావిట్లో తామరపువ్వు ఉండేది" అన్నాను. "తలకిందులు కాదు. పక్కకి పడుకున్నట్టు. ఎర్రావు దానికే ఒళ్ళు రుద్దుకునేది."

హర్షిత ఫోను పక్కన పెట్టింది. నేను మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టడం ఈ ఇంట్లో అదే మొదలు. "నువ్వెప్పుడూ చెప్పలేదే" అంది. "నువ్వెప్పుడూ గొడ్లచావిడి ముచ్చట అడగలేదుగా" అన్నాను. ఆ మధ్యాహ్నం మొదలుపెట్టి, అది తిరిగి విమానం ఎక్కేదాకా, అడిగినప్పుడల్లా చెప్పాను. చెప్పింది చెప్పినట్టు రాయమని అదే కూర్చోబెట్టింది. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే నావి కాదు, మా ఊరి మఠం మూతపడడానివి. ఎందుకంటే మా బడి ఆ మఠం వసారాలోనే ఉండేది. మఠంతోపాటు అదీ పోయింది.

కృష్ణకి ఇవతల, శ్రీశైలం నడిచిపోయే దారిలో మా ఊరు. నాపరాళ్ళ నేల. ఏ ఇంటికి పునాది తవ్వినా పలుగు ఖంగుమనేది. దారికి కొండవైపున మఠం. ఎవరు కట్టించారో తెలియదు, మా తాతకీ తెలియదు. ముందు పెద్ద వాకిలి, లోపల బండలు పరిచిన వాకిట్లో బావి, ఎడమ చేతి పక్క వంటసాల, కుడిపక్క వసారా, వెనక పెద్దస్వామి ఉండే గది, చిన్న శివలింగం. అంతే మఠం. కానీ ఆ దారిన నడిచొచ్చేవాళ్ళకి అది ఇంటికన్నా ఎక్కువ. మఠానికి చేలున్నయ్యి. ఆ చేలు దున్నేవాళ్ళలో మా నాన్న ఒకడు. పండినదాంట్లో మా వంతు మాకు, మఠం వంతు వంటసాలకి. మఠం వంతు ఎప్పుడూ ముందు పోయేది. మా నాన్న అట్టా ముందు కొలిచి పంపించి, ఆ తరవాత కాళ్ళు కడుక్కునేవాడు.

మా మేనత్త కోటమ్మ మఠంలోనే ఉండేది. మా నాన్నకి అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోయాడు. అత్తింటివాళ్ళు పంపించేస్తే పుట్టింటికొచ్చింది. మా తాత ఆమెని పెద్దస్వామికి చూపించి, "ఈ పిల్లకో పని చెప్పండి" అన్నాడంట. అప్పటినుంచి అక్కడే. వంట ఆమెది కాదు. వంటసాల బయట పనంతా ఆమెది. వడ్లు దంచడం, వాకిలి చిమ్మడం, గుండిగలు బూడిదతో తోమడం, మోదుగాకులు పుల్లలతో విస్తళ్ళు కుట్టడం. బడి వదలగానే నేను ఆమె పక్కన చేరేదాన్ని. ఎండబెట్టిన మోదుగాకు వాసన, తడి బూడిద వాసన, ఉలవలు ఉడికే వాసన, వీటన్నిటి మధ్యలో నుంచి మజ్జిగలో నూరి కలిపిన శొంఠి వాసన. బంతి కూర్చునే ముందు పెద్దస్వామి వచ్చి విస్తళ్ళ కట్టలోంచి ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూసేవాడు. కన్నం కనపడితే మాట అనేవాడు కాదు. ఆకు వంకా మా అత్త వంకా ఒకసారి చూసి కింద పెట్టేవాడు. ఆ చూపుకి మా అత్త ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. నేను ఇప్పటికీ ప్లాస్టిక్ డబ్బాకి మూత సరిగ్గా పడకపోతే విజయ వంక అట్టానే చూస్తానంట. అది చెబుతుంది.

ఇంక అసలు సంగతి. ఆ మఠంలో ఒక పద్ధతుండేది. వంటయి, శివుడికి చూపించి, వచ్చినవాళ్ళ బంతులన్నీ లేచాక, మఠం మనుషులు తినబోయే ముందు ఒకళ్ళు పెద్ద వాకిలి కాడ నిలబడి పిలవాలి. "ఆకలిగొన్నవాళ్ళు ఉన్నారా, అన్నం ఉంది, రండీ" అని. పడమటి దారికి ఒకసారి, తూర్పు దారికి ఒకసారి, కొండవైపుకి ఒకసారి. పిలిచి, కాసేపు చూసి, ఎవరూ రాకపోతే అప్పుడు మఠంలోవాళ్ళు తినాలి. అందరూ తిన్నాక, ఆఖరున, పిలిచిన మనిషి తినాలి. పిలిచిన మనిషి తింటే ఇంక మఠం తిన్నట్టే. ఆ తరవాత పొయ్యి ఆర్పేవాళ్ళు. తిన్న చేత్తో మళ్ళీ వడ్డించకూడదు, తిన్న నోటితో మళ్ళీ పిలవకూడదు. అంతకుముందు పిలిచే ముసలాయన పోతే, ఆ పిలుపు మా అత్తకి వచ్చింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం చేలు దాటేది. ఆమె పిలుపు వినపడితే చేలల్లో ఆడవాళ్ళు పని ఆపి సంగటి మూటలు విప్పుకునేవాళ్ళు. మా అమ్మ అన్నం కుండ దించేది. ఊరికి అదే గడియారం.

మఠం మూతపడడం ఒక్కరోజులో జరగలేదు. హర్షిత చెప్పినట్టు రాజుగారి మనుషులెవరూ రాలేదు మాకు. పెద్దస్వామి పోయాడు. తన తరవాత ఎవరో ఆయన చెప్పి పోలేదు. మేమంటే మేమని ఇద్దరు ముగ్గురొచ్చారు, వాళ్ళలో వాళ్ళు కోర్టులకెక్కారు. ఈలోగా వంటాయన ఇంకో ఊరికి వెళ్ళిపోయాడు, బడి పంతులు రావడం మానేశాడు. తరవాత చట్టాలు మారినయ్యి, చేలు దున్నేవాళ్ళవే అన్నారు. మా నాన్న పేరున తను దున్నే నల్లచేను రాసిచ్చిన రోజు మా అమ్మ పరవాన్నం వండింది. మా అత్త తన గుడ్డల మూటతో మా వసారాలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. పరవాన్నం పెడితే తిన్నది. "బాగుంది మరదలా" అన్నది.

ఆ తరవాత రాళ్ళు నడవడం మొదలుపెట్టినయ్యి. ముందు వంటసాల కప్పు పడింది. దూలం ఎవరో పట్టుకుపోయారు. ఆ దూలం పోయాక గోడ ఎందుకని గోడ. బావిగట్టు రాళ్ళు ఒకళ్ళ వాకిట్లో తేలినయ్యి. వసారా స్తంభం ఒకళ్ళ పశువుల కుడితికాడ కట్టుగొయ్య అయింది. నేను అక్షరాలు దిద్దిన బండ మా పక్కింట్లో బట్టలుతికే బండ అయింది. ఎవరూ రాత్రిళ్ళు దొంగచాటుగా తీసుకుపోలేదు. పట్టపగలు బండి కట్టుకుని వచ్చి, "ఏం కోటమ్మక్కా, బాగున్నావా" అని మా అత్తని పలకరించి మరీ తీసుకుపోయేవాళ్ళు. ఆమె కూడా "బాగున్నా నాయనా" అనేది. పెద్ద వాకిలి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మంచి రాయి అదే. కానీ ఆ వాకిట్లోంచి లోపలికి పోయి అన్నం తినని మనిషి ఆ ఊళ్ళో లేడు. ఎవరో ఒకళ్ళు ముందు పడగొడితే బాగుండునని అందరూ చూస్తున్నారు.

మా అత్త పిలవడం మానలేదు. మఠం లేదు, వంటసాల లేదు, మధ్యాహ్నం అయ్యేసరికి చెంగు నడుముకి దోపుకుని పెద్ద వాకిలి కాడికి పోయి మూడు దిక్కులకీ పిలిచేది. అలవాటు చావలేదులే అనుకున్నారు మావాళ్ళు. కానీ పిలిస్తే మనుషులొస్తారు గదా. వచ్చారు. శ్రీశైలం పోయేవాళ్ళు, బిచ్చమెత్తేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు. వాళ్ళని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చేది. ముందు తన అన్నం పెట్టింది. తరవాత మా కుండలో చెయ్యి పెట్టింది. మా అమ్మ చెడ్డది కాదు. నలుగురు పిల్లలు, ఒక పంట చేను. "మఠం మూసేశారు అనుకున్నాను, మనింట్లోకి మార్చారని నాకెవరూ చెప్పలేదు" అనేది మా నాన్న వింటుండగా.

ఒకరోజు మా నాన్న అడిగేశాడు. "అక్కా, ఇంక ఎందుకు పిలుస్తావు? మఠమే లేదుగా."

"మఠం లేదు. చేనుందిగా."

"చేను ఇప్పుడు నాది."

"పేరు నీది తమ్ముడూ. నేనెప్పుడన్నా కాదన్నానా. పేరు మారిందని ఆ పంట తినే నోళ్ళు మారిపోతయ్యా?"

మా నాన్నకి కోపం వస్తే గొంతు తగ్గేది. నెమ్మదిగా చెప్పాడు. "ఇంకోసారి ఎవర్నన్నా తీసుకొచ్చావంటే నిన్ను మీ మరిదిగారింటికి పంపిస్తాను." ఆ మరిదిగారింట్లో ఆమె బతుకు ఎట్టా ఉంటుందో అందరికీ తెలుసు. ఒకసారి వాళ్ళే వద్దని పంపించారు. మళ్ళీ పోతే గొడ్ల దగ్గర ఒక మూల, తిట్లు కలిపిన గంజి. మా అత్త విస్తరి కుడుతూ, "పంపియ్యి" అన్నది. మర్నాడు మళ్ళీ పిలిచింది. ఆ రోజు ఎవరూ రాకపోతే బాగుండునని నేను మొక్కుకున్నాను. కాళ్ళకి గుడ్డలు చుట్టుకున్న ఒక ముసలాయన వచ్చాడు. మా అత్త తన విస్తట్లో అన్నం ఆయనకి పెట్టి, తను మజ్జిగ తాగింది. మా నాన్న వసారాలో కూర్చుని అంతా చూసి, పలుగు తీసుకుని బయటికి పోయాడు.

అక్కని పంపలేక వాకిలిని పంపించాలనుకున్నాడు మా నాన్న. మర్నాడు పొద్దున్నే రెండు జతల ఎడ్లనీ, మోకులనీ, నలుగురు మనుషులనీ కూర్చుకుని పెద్ద వాకిలి పడగొట్టించాడు. పైన అడ్డంగా ఉన్న రాయి పడినప్పుడు మా ఇంట్లో అటక మీద ఇత్తడి సామాను మోగింది. మా అత్త అప్పుడు వసారాలో ఆకులు కుడుతోంది. చేతిలో ఉన్న ఆకు ఆఖరిదాకా కుట్టి, కట్టలో పెట్టి, పుల్లలు ఏరి ఉట్టిలో పెట్టుకుంది. పడిన రాళ్ళల్లో మంచివి మా చావిడి గోడకి వచ్చినయ్యి. వాకిలికి ఉండే తామరపువ్వు రాయి నిలువుగా పెడితే పొడుగవుతుందని మేస్త్రి పక్కకి తిప్పి పెట్టాడు.

ఆ మధ్యాహ్నం మా అత్త మాతోపాటు మొదటి బంతిలో కూర్చుంది. మా అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఏంది వదినా, ఆకలవుతోందా?" అని అడిగింది. "పనయిపోయిందిగా మరదలా, ఎందుకు కూర్చోకూడదు" అంది మా అత్త. కడుపునిండా తిన్నది. రెండోసారి మజ్జిగ పోయించుకుంది. ఆ రోజు నుంచి అంతే. పిల్లలతోపాటు ముందే తినేసి, ఆకు తీసి, చెయ్యి కడుక్కుని పోయేది. కొన్నాళ్ళు మా అమ్మ ప్రాణం హాయిగా ఉంది. కుండ ఎంత వండితే అంతకి సరిపోయేది. చుట్టుపక్కల ఆడవాళ్ళతో, "మా వదిన ఇప్పుడు మనిషయింది" అని చెప్పుకుంది. మా నాన్న మాత్రం అన్నానికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వచ్చి, అక్క తిన్న చోటు చూసి, పక్కకి జరిగి కూర్చునేవాడు. ఊళ్ళో పిలుపు లేకపోయేసరికి చేలల్లో ఆడవాళ్ళు పొద్దు చూసుకోవడం నేర్చుకున్నారు. ఇల్లంతా నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉండేది. నాకు ఆ నిశ్శబ్దం ఇప్పుడు కూడా గుర్తే. ఈ ఫ్లాట్లో మధ్యాహ్నం పూట ఏసీ ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం లాంటిది.

శివరాత్రి దగ్గరపడ్డాక ఒకరోజు, అందరం తిన్నాక, ముసలి మొగుడూ పెళ్ళాలు ఇద్దరు మా ఇంటి ముందు నిలబడ్డారు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు. మా నాన్న అరుగు మీద ఉన్నాడు. ముసలాయన అడిగాడు. "అయ్యా, ఈడ మఠం ఉండాలి. ముందు ఏటేటా వచ్చేవాళ్ళం, ఈ మధ్య కొన్నేళ్ళు రాలేకపోయాం. ఒక ఆడమనిషి పిలుస్తది. ఈసారి పిలుపు ఇనపడక దారి తప్పామనుకుని ఆ వాగుదాకా పోయి ఎనక్కొచ్చాం. మఠం వాకిలి ఎటుపక్క అయ్యా?"

వాకిలి ఆయన వెనకే ఉంది, మా చావిడి గోడలో. మా నాన్న ఆ గోడ వంక చూశాడు. ఆఖరికి లేచి లోపలికొచ్చి, "అక్కా, ఇద్దరొచ్చారు" అన్నాడు.

మా అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. "నేను తిన్నాను తమ్ముడూ" అంది.

"అయితే ఏంది?"

"ఏందేంది. నేను తిన్నాక మఠం తిన్నట్టే. నా చేత్తో పెట్టకూడదు. నీకు తెలియదా?"

మా నాన్నకి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. మా అమ్మ లేచి పొయ్యి ఊదింది. అన్నం ఉడికాక గరిటె మా నాన్న చేతికిచ్చింది. నీ చేను, నువ్వే పెట్టు అన్నట్టు. మా నాన్న అన్నం వడ్డించడం అంతకుముందు ఎవరూ చూడలేదు. కొంగు లేని మనిషి, ఉత్తరీయం జారిపోతోంది, ఆవిరికి చెయ్యి కాలుతోంది, ఒకేసారి ఇంత ముద్ద ఆకులో పడేశాడు. గుమ్మంలో నిలబడి మా అత్త చెప్పడం మొదలుపెట్టింది. "ముందు కాళ్ళకి నీళ్ళియ్యాలి, అది కూడా మర్చిపోయావు. గరిటె ఆకుకి తగలనియ్యకు. పప్పు అన్నం మీద కాదు, పక్కన. కొంచెం వంగు తమ్ముడూ, వంగితే నడుమేం విరిగిపోదు. అంతెత్తు నుంచి పోస్తే గొడ్లకి కుడితి పోసినట్టుంది." ముసలామె నవ్వింది. మా అమ్మ పొయ్యి వైపు తిరిగి నవ్వుకుంది. మా నాన్న చెవులు ఎర్రబడినయ్యి, కానీ వంగాడు.

తిని, చెయ్యి కడుక్కుంటూ ముసలాయన అడిగాడు. "మీరు మఠం తాలూకేనా అయ్యా?"

"మఠం చేను మాదే" అన్నాడు మా నాన్న.

మర్నాడు మధ్యాహ్నం మా అమ్మ ఆకులు వేస్తే మా అత్త కూర్చోలేదు. "మీరు కానియ్యండి" అని అరుగు మీదికి పోయి కూర్చుంది. పిలవలేదు. పిలవడానికి వాకిలి లేదు. ఊరికే దారి వంక చూస్తూ చింతపిక్కలు ఒలుచుకుంది. వేపచెట్టు నీడ గోడ దాటాక లేచి వచ్చి తినింది. ఆ మర్నాడు మా అమ్మ ఎసట్లో ఒక దోసెడు బియ్యం ఎక్కువ పోసింది. నేను చూశాను. నువ్వేమీ చూడలేదు అన్నట్టు నా వంక చూసింది. మరిదిగారిల్లు అన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు. శివరాత్రికి నడిచేవాళ్ళు, దారి తప్పినవాళ్ళు, ఎప్పుడన్నా ఒకళ్ళు వచ్చేవాళ్ళు. కొన్నేళ్ళకి మా ఊరి మీదుగా బస్సు పడింది. నడిచేవాళ్ళు తగ్గిపోయారు. బస్సు దుమ్ములో కూడా మా అత్త అరుగు మీదే కూర్చునేది. నేను పక్కన కూర్చుని, "ఇంక రారులే అత్తా" అంటే, "రాకపోతే మనమే తిందాం, తొందరేముంది" అనేది.

ఇంతా విని హర్షిత ఒకటి చెప్పింది. ఆ ఇంగ్లండులో ఒక నమ్మకం ఉండేదంట. మఠాల పొలాలు కొన్నవాళ్ళూ, ఆ రాళ్ళతో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళూ బాగుపడరని, వంశం నిలబడదని. "మీకేమన్నా అయిందా అమ్మమ్మా?" అని అడిగింది, నవ్వుతూనే, కానీ కొంచెం భయంగా. ఏమీ కాలేదు. ఉన్నమాట చెప్పాలి. నల్లచేను బంగారంలా పండింది. మా చావిడి ఏ వానకీ కురవలేదు. అన్నదమ్ములు బాగున్నారు, నాకు మంచి సంబంధం వచ్చింది, కూతురు టీచరు, అల్లుడికి ఈ దేశంలోనే సోహార్ ఊళ్ళో పెద్ద ఉద్యోగం, మనవరాలు ఇంగ్లండులో. ఏ శాపమూ తగల్లేదు. ఆకలితో వచ్చినవాడు పిలుపు వినపడకపోతే శాపం పెట్టడు. వాగుదాకా పోయి, ఇంకో దారి చూసుకుంటాడు.

నేను దాన్ని ఒకటి అడిగాను. "ఆ ఇంగ్లండు మఠం గేటు కాడికి రొట్టెకి వచ్చేవాళ్ళు ఏమయ్యారే? మూసేసిన మర్నాడు?" ఫోన్లో అక్కడ పెట్టిన బోర్డు ఫొటో వెతికి చదివింది. రాజు గురించి ఉంది. సీసం ఎంత పోయిందో ఉంది. పొలం ఎవరికి పోయిందో, రాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నయ్యో కూడా ఉంది. "ఇందులో రాయలేదు అమ్మమ్మా" అంది. "మీ సార్లని అడుగు" అన్నాను. అడుగుతానంది. మంచి పిల్ల, అడుగుతుంది. వాళ్ళకి మాత్రం ఎవరు చెప్పారు గనక.

ఈ మస్కట్ ఇల్లు నాకు లోటు చెయ్యలేదు. చల్లగా ఉంటుంది, నీళ్ళు ఎప్పుడూ వస్తయి. ఏసీ నీళ్ళు బకెట్లో పట్టి నేను బాల్కనీ కడుగుతాను, విజయకి అది నామోషీ. కానీ ఆకలైన మనిషి ఈ ఇంటికి రావాలంటే ఎట్టా వస్తాడు? కింద తలుపు దగ్గర నంబర్లు నొక్కాలి, లిఫ్టు ఎక్కాలి, మా తలుపుకి ఉన్న కన్నంలోంచి మేం చూడాలి. వచ్చేవాడు ఒక్కడే, ఫోన్లో చెప్పిన అన్నం సంచీ తెచ్చేవాడు. వాడు తిన్నాడో లేదో ఎవరూ అడగరు. కింద వాచ్‌మన్ మస్తాన్ కడపవాడు. రంజాన్ నెలలో సాయంత్రం పూట మసీదు బయట పొడుగ్గా ప్లాస్టిక్ గుడ్డ పరుస్తారు. సైట్ల మీంచి కంపెనీ బస్సులు దిగినవాళ్ళందరూ అన్నానికి వరసగా కూర్చుంటారు. మా బాల్కనీలోంచి కనపడుతుంది. ఒకరోజు మస్తాన్‌ని అడిగాను, "అక్కడ మీవాళ్ళకేనా?" అని. "ఎవురైనా కూచోవచ్చమ్మా. మా రూములో నెల్లూరాయన, హిందువు, ఆయన గూడా వస్తాడు. పేరు అడగరు, జాగా చూపిస్తారు, అంతే" అన్నాడు. "పిలుస్తారా?" అన్నాను. "పిలిచేదేంది, మసీదులో నమాజు బాంగు ఇనపడుతుంది గదమ్మా." ఆ నెలంతా నేను అన్నం ఆలస్యంగా తిన్నాను. గ్యాసేమోనని విజయ మాత్రలు తెచ్చింది.

మా అత్త పోయింది నా పెళ్ళికి ముందటేడు. జబ్బేమీ లేదు. తెల్లవారి చూస్తే లేదు. కర్మలన్నీ అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయి, మా ఇంట్లో మళ్ళీ మామూలుగా పొయ్యి వెలిగించిన రోజు మా అమ్మ ఎప్పటిలాగే దోసెడు ఎక్కువ పోసి వండింది. మేమంతా తిన్నాం. కుండలో కాస్త మిగిలింది, దాని మీద మూత పెట్టింది. ఎవరమూ లేవలేదు. ఇన్నేళ్ళూ ఆమె వచ్చి తింటేనే ఆ పూట అయిపోయినట్టు. ఇప్పుడు అయిపోయిందని చెప్పాల్సింది ఎవరో మాకు తెలియలేదు. మా నాన్న అరుగు మీదికి పోయి కాసేపు నిలబడి లోపలికి వచ్చాడు. మా అమ్మ మూత వంక చూసింది, తియ్యలేదు. తియ్యమని ఆయనా అనలేదు. నీడ గోడ దాటింది, దీపాలు పెట్టే వేళయింది, కుండ అట్టానే ఉంది. చివరికి మా అమ్మ అందులో నీళ్ళు పోసి ఉంచింది. పొద్దున్నే ఉల్లిపాయ కొరుక్కుంటూ అందరం చద్దన్నంగా తిన్నాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికి ఆకలైనప్పుడు వాళ్ళు తింటున్నాం.